రేపు గూడా వస్తారా నాయనా? – కొండ దారి నేర్పిన కైంకర్యం

ఓం నమో వేంకటేశాయ!

పోయిన వారం వీడియోలో అనంతాళ్వార్ గారి గునపం కథ చెప్పుకున్నాం కదా. వీడియోలో కథ వరకే పట్టింది. ఆ కథ నన్ను ఎందుకు వదలడం లేదో చెప్పడానికి చోటు దొరకలేదు. నిజం చెప్పాలంటే, కెమెరా ముందు చెప్పే ధైర్యం కూడా చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే. బస్సులోనో, ఆఫీసులో బిల్డ్ రన్ అవుతున్నప్పుడో తీరిగ్గా చదవండి.

ముందు నా తప్పుతో మొదలుపెడతా

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. ఇంటి మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది. 2018లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నా. వచ్చింది. నలుగురు ఫ్రెండ్స్‌తో బయల్దేరాం. మొత్తం మూడు వేల ఐదు వందల యాభై మెట్లు. గాలిగోపురం దాటాక ఒక చోట కూర్చుని నీళ్లు తాగాం. బాటిల్ ఖాళీ అయింది. పక్కన డబ్బా నిండిపోయి ఉంది. ఇంకో యాభై మెట్లు పైకి పోతే ఇంకో డబ్బా ఉంటుందని నాకు తెలుసు. అయినా చేయి గోడ అవతలికి ఊపేశా.

ఎండుటాకుల మీద అది పడిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఆ మరుక్షణమే మా వాడొకడు "ఏడుకొండలవాడా!" అని అరిచాడు. అందరితో పాటు నేను కూడా గొంతెత్తి "గోవిందా గోవింద!" అన్నా. రెండు పనులూ ఒకే మనిషి చేశాడు, ఒకే నిమిషంలో. ఏదీ అబద్ధం కాదు. నా భక్తి నిజమే, నా నిర్లక్ష్యం కూడా నిజమే. ఈ రెండూ ఒకే మనసులో పక్కపక్కనే ఎట్లా కూర్చున్నాయి అన్నదే ఈ పోస్టు.

ఎందుకంటే నేను ఎక్కుతున్నది ఏ కొండ? శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఈ పేర్లు చిన్నప్పుడు అవ్వ నేర్పితే గడగడా చెప్పేవాణ్ణి. ఈ పర్వతం సాక్షాత్తు ఆదిశేషుడి శరీరమని పురాణాలు చెబుతాయి. కొండ మొత్తం సాలగ్రామమని నమ్మిన పెద్దలు ఉన్నారు. రామానుజాచార్యులు ఈ కొండ మీద పాదం పెట్టడానికి మనసొప్పక మోకాళ్ల మీద ఎక్కారని సంప్రదాయం. అందుకే మనం రొప్పుకుంటూ ఎక్కే ఆ చివరి నిటారు మెట్లకు మోకాళ్ల పర్వతం అని పేరు. ఆయన పాదం పెట్టడానికి వెనకాడిన చోట నేను ప్లాస్టిక్ పెట్టాను.

పోనీ పురాణం పక్కన పెడదాం. శేషాచలం కొండలను 2010లో కేంద్ర ప్రభుత్వం జీవావరణ రిజర్వుగా ప్రకటించింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. రాళ్ల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, రాత్రిళ్లు పెద్ద కళ్లేసుకుని దేవాంగపిల్లి తిరుగుతుంది. మనం గర్భగుడిలో స్వామిని చూసేది రెప్పపాటు. ఆయన ఇంటి పెరడులో మాత్రం గంటల తరబడి నడుస్తాం. అంటే దర్శనంలో ఎక్కువ భాగం దారిలోనే అయిపోతోంది, మనం గమనించకుండానే.

ఇంకో సంగతి. కొండ మీద పడింది కొండ మీదే ఉండదు. 2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. కపిలతీర్థం జలపాతం ఎర్రటి నీళ్లతో విరుచుకుపడింది. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు, 2022 మేలో గానీ మళ్లీ తెరవలేదు. మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. నీళ్లు తీశాక మా గేటుకు ఏం చిక్కుకుని ఉన్నాయో తెలుసా? కవర్లు, కప్పులు, బాటిళ్లు. అందులో నాది ఉందని నేను అనను. కానీ ఆ రోజు గేటు కడుగుతూ, "ఇది ఎవడు పారేశాడో వాడి చెయ్యి విరగ" అని అమ్మ తిడుతుంటే తలెత్తలేకపోయా.

ఒక్క ప్రశ్న

2023 మే నెలలో దేవస్థానం "సుందర తిరుమల – శుద్ధ తిరుమల" పేరుతో నడకదారుల్లో, ఘాట్ రోడ్లలో పెద్ద ఎత్తున శుభ్రత కార్యక్రమం పెట్టింది. ఉద్యోగులు, శ్రీవారి సేవకులు, మామూలు భక్తులు, చాలామంది వచ్చారు. ఒక ఫ్రెండ్ ఫోన్ చేస్తే నేను కూడా పోయా. చేతికి గ్లౌజులు, ఒక సంచి ఇచ్చారు.

మొదటి గంట హుషారు. రెండో గంటకు నడుము పట్టేసింది. అప్పటికి మా చేతుల్లోకి వచ్చిన వాటిలో ఎక్కువ ఏంటో చెప్పనా? చిప్స్ ప్యాకెట్లు అనుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ కర్పూరం కవర్లు, పసుపు కుంకుమ ఖాళీ ప్యాకెట్లు, అగరొత్తుల డబ్బాలు కూడా తక్కువేం లేవు. అంటే దేవుణ్ణి పట్టించుకోని వాళ్లు పారేసిన చెత్త మాత్రమే కాదు అది. మెట్టు మెట్టుకూ వంగి బొట్టు పెట్టిన చేతులు వదిలేసింది కూడా. ఆ చేతులకు నేను మనసులో దండం పెట్టుకునేవాణ్ణి ఎప్పుడూ. ఇక ఏమనాలో అర్థం కాలేదు.

మా పక్కన రోజూ ఆ దారిలో పనిచేసే ఒక పెద్దామె ఉంది. మేం ఒక కాగితం ఎత్తేలోపు ఆమె నాలుగు ఎత్తేది. వంగిన నడుము ఎత్తకుండా పక్కకు నడిచే ఒడుపు ఒకటి ఉంది ఆమెకు, దాన్ని చూసి నేర్చుకున్నాం. అంతా అయ్యాక మేం గ్రూప్ ఫొటో తీసుకున్నాం. నేను సంచి పైకెత్తి నవ్వుతూ ఒకటి విడిగా తీసుకుని స్టేటస్ కూడా పెట్టా. ఆమె అదంతా చూసి, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"రేపు గూడా వస్తారా నాయనా? వచ్చేట్టుంటే చెప్పండి, ఆ పై మలుపు మీకు ఇడిసిపెడతా."

నేను నవ్వి, "ఆఫీసు ఉందమ్మా" అన్నా. "అట్లనా, సరే నాయనా" అని ఆమె చీపురు తీసుకుని పై మలుపుకు పోయింది.

రేపు పోలేదు. ఎల్లుండీ పోలేదు. స్టేటస్ ఇరవై నాలుగు గంటలకు దానంతట అదే పోయింది.

ఆ ఆగస్టులో ఒక ఘోరం జరిగింది. మీకూ తెలుసు. అలిపిరి దారిలో ఒక చిన్నారిని చిరుత బలి తీసుకుంది. ఆ తర్వాత చిన్నపిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు, గుంపులుగా నడవమనడం, చేతికర్రలు, జంతువులకు తిండి పెట్టొద్దని, దుకాణాల వాళ్లు మిగిలినవి అడవి వైపు పారేయొద్దని ఆదేశాలు వచ్చాయి. ఒక దుర్ఘటనకు ఇదే కారణమని వేలు చూపించడానికి నేనెవరిని? కానీ అడవి లెక్క సులువైనది. తిండి మిగుళ్లు పడిన చోటికి కుక్కలు, అడవి పందులు, కోతులు, జింకలు చేరతాయి. అవి చేరిన చోటికి వాటిని వేటాడేది వస్తుంది. జింకకు ప్రేమగా పెట్టిన బిస్కెట్ కూడా ఆ గొలుసులో ఒక లింకే. ఆ వార్త చదివిన రాత్రి నాకు ఆ పెద్దామె ప్రశ్న మళ్లీ వినిపించింది. ఆ పై మలుపును ఎవరు చూస్తున్నారు?

లేచి నిలబడ్డ ఒకే ఒక్కడు

ఇప్పుడు అనంతాళ్వార్ గారి దగ్గరికి వద్దాం. పదకొండో శతాబ్దం నాటి మాట. శ్రీరంగంలో రామానుజులు శిష్యులకు పాఠం చెబుతున్నారు. తిరుమల స్వామికి పూల కైంకర్యం అనే ప్రస్తావన వచ్చింది. "ఆ కొండకు పోయి తోట వేసి, రోజూ స్వామికి పూలమాలలు కట్టేవారు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అప్పటి తిరుమల అంటే ఇప్పటిలా కాదు. రోడ్డు లేదు, చలి, అడవి, మృగాలు. సభలో చాలామంది పండితులు ఉన్నారు. ఒక్కరే లేచారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. గురువు అడిగింది "ఒకసారి పోయి పూలు ఇచ్చి రండి" అని కాదు. తోట వేయమని. తోటకు సెలవు ఉండదు. ఈ రోజు నీళ్లు పోసి రేపు మానేస్తే నిన్నటి నీళ్లు కూడా వృథా. సభలో మిగతావాళ్లకు భక్తి లేక కాదు కూర్చుండిపోయింది. వాళ్లకు కూడా "రేపు గూడా వస్తారా?" అన్న ప్రశ్నే వినపడి ఉంటుంది.

అనంతాళ్వార్ తిరుమల వచ్చి తోట వేశారు, దానికి నీళ్ల కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసేది. ఒక కుర్రవాడు వచ్చి "నేనూ సాయం చేస్తా" అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. ఇది నా గురువు నాకిచ్చిన కైంకర్యం, ఇందులో ఎవరికీ వాటా లేదు అన్నారు. ఆ పిల్లవాడు ఊరుకోలేదు. ఈయన కంట పడకుండా దారి మధ్యలో ఆమె దగ్గర తట్ట అందుకుని మోసి పోస్తున్నాడు. అది తెలిసి ఈయన కోపంతో చేతిలో ఉన్న గునపం విసిరారు. గడ్డానికి తగిలింది. పిల్లవాడు గుడిలోకి పరిగెత్తి మాయమయ్యాడు. చూస్తే గర్భగుడిలో స్వామి గడ్డం నుంచి రక్తం. ఈయన గుండె పగిలి, గాయానికి పచ్చకర్పూరం అద్దారు. ఈ రోజుకీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారు. ఆ గునపం ఈ రోజుకీ మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతోంది. ఈసారి క్యూలో పోయేటప్పుడు కుడివైపు తలెత్తి చూడండి.

చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నప్పుడల్లా, "చూశావా, స్వామి ఎంత భక్తసులభుడో" అని అర్థం చేసుకున్నా. అది సరైన అర్థమే. కానీ అంత గొప్ప భక్తుడి చేతిలో గునపం ఎందుకు లేచింది అన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన రోజు మా ఇంట్లోనే వచ్చింది.

మా వీధి చివర పార్కు

ఆ సంవత్సరం చివర్లో నేను, ఇంకో ముగ్గురం ఒక నిర్ణయానికి వచ్చాం. కొండ మీద మనిష్టం వచ్చినట్టు అడవిలోకి దిగి ఏరలేం, దిగకూడదు కూడా. అది రక్షిత అటవీ ప్రాంతం. అక్కడ సేవ చేయాలంటే పేరు నమోదు చేసుకుని, వాళ్లు చెప్పినట్టు చేయాలి. మరి రోజూ మన చేతికి అందేది ఏది? మా వీధి చివర చిన్న పార్కు ఒకటి, దాని పక్కన వానకాలువ ఒకటి ఉన్నాయి. కొండ మీది నుంచి దిగే వాననీళ్లలో కొంత ఆ కాలువ గుండానే పోతుంది. అంటే అది కూడా శేషాచలం కిందికి చాచిన కొసే. సరే, ఇదే మన పై మలుపు అనుకున్నాం.

ప్రతి ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఒక్కటే రూల్: ఫొటోలు వద్దు, మానేయొద్దు.

మొదటి నెల యుద్ధమే. పార్కు సగం వయ్యారిభామ మొక్కే. పేరు అందంగా ఉంది గానీ తాకితే దద్దుర్లు, పూసిందంటే తుమ్ములు, ఆయాసం. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. పైపైన కోస్తే రెండు వారాలకు మళ్లీ నవ్వుతూ లేస్తుంది. ఒక ఆదివారం శుభ్రం చేసిపోతే తర్వాతి ఆదివారానికి అక్కడే టీ కప్పులు, పుట్టినరోజు కేకు డబ్బాలు. మా టీమ్‌లో ఒకడు, "ఒరేయ్, ప్రతి రిలీజ్‌కూ ఇదే బగ్ మళ్లీ తెరుచుకుంటా ఉందిరా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ నలుగురిలో ఒకడు ఆ నెలలోనే మానేశాడు.

నాకు కూడా మానేయాలనిపించింది. అప్పుడు తిరుమలనంబి గారు గుర్తొచ్చారు. ఆయన రామానుజులకు మేనమామ. స్వామి అభిషేకానికి రోజూ పాపవినాశనం నుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చేవారు. తెచ్చిన నీళ్లు ఆ రోజుకే. రేపటికి మళ్లీ ఖాళీ కుండ. ఆయన దాన్ని ఓటమి అనుకోలేదు. మళ్లీ మళ్లీ చేయాల్సి రావడమే ఆ సేవ లక్షణం. మనం స్నానం చేసి, సాయంత్రానికి చెమట పట్టిందని స్నానం మీద అలగం కదా! పార్కు మళ్లీ మురికైందంటే మన పని వృథా అయిందని కాదు, మన ఆదివారం ఇంకా ఉందని.

నేను విసిరిన గునపం

ఇక అసలు సంగతి. మా అమ్మకు మెట్లపూజ అంటే ప్రాణం. మోకాళ్ల నొప్పులున్నా ఏడాదికోసారి అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతుంది. ఆ ఏడాది ప్రయాణానికి ముందురోజు రాత్రి సంచి సర్దుతోంది. చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో పసుపు, కుంకుమ, కర్పూరం. నాకు కొండ దారిలో ఏరిన ఖాళీ కవర్లన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "నీలాంటోళ్ల వల్లే కొండ పాడవుతా ఉంది. పూజ అని పేరు, చేసేది చెత్త" అన్నా.

అమ్మ చేతిలో ప్యాకెట్ అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి, "నా భక్తి నీకు చెత్తగా అగపడతా ఉందా నాయనా?" అంది. అంతే. ఆ సంవత్సరం మెట్లపూజకు పోలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు, "ఆదివారం నేను గూడా పార్కుకు వస్తా" అని అడిగితే, "నీకెందుకమ్మా, మోకాళ్ల నొప్పులు పెట్టుకుని, అది మా టీమ్ చూసుకుంటుంది" అని పంపేశా. రెండుసార్లు విసిరానన్నమాట. ఆయన విసిరింది గునపం. నేను విసిరింది మాట. కారణం మాత్రం ఒకటే: ఇది నా సేవ, నాకే తెలుసు ఎట్లా చేయాలో.

మనకు పక్కనే శ్రీకాళహస్తి ఉంది. ఆ పేరులోనే కథ ఉంది. సాలెపురుగు, పాము, ఏనుగు, మూడూ ఒకే శివలింగాన్ని కొలిచాయి. పాము మణులు తెచ్చి పెట్టేది. ఏనుగు వచ్చి, ఇదేంటీ రాళ్లు అని తీసేసి నీళ్లతో కడిగి ఆకులు పెట్టేది. పాము వచ్చి, ఎవరీ ఆకుల చెత్త వేసింది అని తోసేసేది. గమనించారా? రెండూ చేసింది శుభ్రమే! ఒకరి పూజ ఇంకొకరికి చెత్తలా కనిపించింది. చివరికి రెండూ ఒకదానితో ఒకటి పోరాడి ప్రాణాలు పోగొట్టుకున్నాయి. శివుడు మాత్రం మూడింటికీ మోక్షం ఇచ్చాడు. ఆయనకు మణీ కావాలి, ఆకూ కావాలి. కొట్లాట మాత్రం ఆయన అడగలేదు.

నాకు అమ్మను క్షమాపణ అడగడానికి పది రోజులు పట్టింది. ఒక రాత్రి అన్నం తింటూ, "అమ్మా, నేను ఆ మాట అనకూడదు" అన్నా. అమ్మ ఏం అనలేదు. మర్నాడు పెట్టెలోంచి అవ్వ వాడిన ఇత్తడి కుంకుమ భరిణ, పసుపుకు ఇంకో మూత డబ్బా తీసి చింతపండుతో తోమింది. "మీ అవ్వ ఇందులోనే తీసకపోయేది. అప్పుడు ప్యాకెట్లు యాడ ఉన్నాయి?" అంది. నేను వాదనతో గెలవాలనుకున్నది, మా అవ్వ ఎప్పుడో భరిణతో తేల్చేసి పోయింది. మన సంప్రదాయంలో చెత్త లేదు. సంప్రదాయానికి మనం తొడిగిన కవరులో ఉంది.

తర్వాతి ఏడాది అమ్మ మెట్లపూజ చేసింది. పక్కనే నేను చిన్న గుడ్డసంచితో నడిచా. అమ్మ వంగి బొట్టు పెట్టేది, నేను వంగి కవర్ ఎత్తేవాణ్ణి. ఇద్దరం ఒకే మెట్టుకు వంగాం. ఇప్పుడు పార్కులో మొక్కలకు పాదులు ఎట్లా చేయాలో మా టీమ్‌కు చెప్పేది అమ్మే. పల్లెలో పెరిగిన మనిషి, ఆ చేతికి తెలిసింది మా యూట్యూబ్‌కు తెలియదు.

మీరు అడిగే రెండు ప్రశ్నలు

"అన్నా, ఇది సామాజిక సేవ కదా, భక్తి ఎట్లా అవుతుంది?" అని చాలామంది అడుగుతారు. ఏడో శతాబ్దపు శైవ భక్తుడు అప్పర్ స్వామిని చూడండి. తిరునావుక్కరసర్ అంటారు. తమిళనాడు గుళ్లలో ఆయన విగ్రహం చూస్తే భుజాన ఒక పనిముట్టు ఉంటుంది. ఉళవారం అంటారు దాన్ని. గుడి ఆవరణలో గడ్డి చెక్కే పార. అంత పెద్ద కవి, మన కాళహస్తి స్వామిని కూడా కీర్తించినవాడు, ఆయన గుర్తుగా చేతిలో పెట్టింది తాళాలు కాదు, పార. గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామి తనకు చాలునని చెప్పిన నాలుగు కానుకలు తలుచుకోండి: ఆకు, పువ్వు, పండు, నీళ్లు. నాలుగూ మట్టి నుంచి, వాన నుంచి వచ్చేవే. మట్టిని, నీటిని పాడుచేసి ఆ నాలుగింటినీ ఎక్కడి నుంచి తెస్తాం? తిరుమల గుడిలో కూడా ఈ ఎరుక ఉంది. 2021 సెప్టెంబరు నుంచి దేవస్థానం వాడిన పూలతో ఏడు కొండల పేరు మీద ఏడు రకాల అగరొత్తులు తెచ్చింది. 2022 జూన్ నుంచి కొండ మీద ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించింది. స్వామి తన వంతు చేస్తున్నాడు. ఇక మన వంతు.

రెండో ప్రశ్న: "జీతం తీసుకునేవాళ్లు ఉన్నారు కదా, మనమెందుకు?" ఇది మంచి ప్రశ్న. మన సేవ వాళ్ల జీతానికి, వాళ్ల ఉద్యోగానికి అడ్డు రాకూడదు. మనం ఊడుస్తున్నాం కదా అని ఒక కార్మికుణ్ణి తగ్గిస్తే అది సేవ కాదు, పాపం. మనం చేసేది వాళ్ల పని కాదు, మన అప్పు. నేను విసిరిన బాటిల్ కోసం ఎవరో ఒకరు వంగారు. ఆ వంగడం విలువ ఎంతో రెండు గంటలు నడుము వంచితే గానీ నాకు తెలియలేదు. ఆ తర్వాత ఊడ్చే మనిషిని "ఏమే, ఏంరా" అనడానికి నోరు రాదు. పనిచేసేవాళ్ల మీద గౌరవం పెరగకపోతే మన క్లీనింగ్ డ్రైవ్ ఒట్టి ఫొటోషూటే.

మొక్కల గురించి ఒక్క మాట. మత్స్యపురాణంలో ఒక చెట్టును పదిమంది కొడుకులతో సమానంగా చెప్పారు. బాగుంది. కానీ కొడుకును కని రోడ్డు మీద వదిలేస్తే పుణ్యమా? జూలైలో మొక్క నాటి, ఫొటో తీసుకుని, ఏప్రిల్‌లో మొహం చూపించకపోవడం అదే. మన తిరుపతి ఎండ తెలుసు కదా. నాటిన మొక్క కనీసం రెండు మూడు ఎండాకాలాలు దాటేదాకా దానికి అమ్మానాన్నా మీరే. నీళ్లు పోయగలిగినన్నే నాటండి. మేం మొదటి ఏడాది ఇరవై మొక్కలు నాటాం. తొమ్మిది మిగిలాయి. పదకొండు మా తప్పు. రెండో ఏడాది ఆరే నాటాం: వేప, కానుగ, నేరేడు. ఆరూ ఉన్నాయి.

ఈ వారం ఒక్క పని

బెంగళూరులో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, మీ ఇంటికి నడిచి పోయేంత దూరంలో ఒక పార్కో, చెరువుగట్టో, గుడి వెనకాల ఖాళీ జాగానో ఉంటుంది. దాన్ని మీ పై మలుపు అనుకోండి. నెలకు ఒక్క గంటే కావచ్చు. పెద్దది వద్దు, తెగనిది కావాలి. సాయం చేస్తానని వచ్చిన వాళ్లను ఎవరినీ పంపేయకండి, ఆ వచ్చింది ఎవరో మనకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లకు నీతులు చెప్పేముందు వాళ్ల పాత డబ్బాలు ఎక్కడున్నాయో అడగండి. కొండకు నడిచి పోయేటప్పుడు తీసుకెళ్లిన ప్రతి వస్తువూ తిరిగి మీ సంచిలోనే దిగాలి. జంతువులకు ఏదీ పెట్టకండి, మెట్లు దాటి అడవిలోకి అడుగు వేయకండి.

అనంతాళ్వార్ తోట పురిశైవారి తోట పేరుతో ఇప్పటికీ గుడి వెనక ఉంది. ఏటా బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు స్వామి బాగ్ సవారికి ఆ తోటకు వేంచేస్తాడు. తొమ్మిది రోజులు లోకమంతా తన దగ్గరికి వచ్చాక, ఒక తోటమాలి దగ్గరికి తానే పోతాడు. ఆ రోజు జనం తక్కువగా ఉంటారు. నాకు మాత్రం అన్ని వాహనసేవల కన్నా అదే పెద్దగా అనిపిస్తుంది.

ఆ పెద్దామెను నేను మళ్లీ చూడలేదు. అలిపిరి దారిలో పోయినప్పుడల్లా ఆ మలుపు దగ్గర కాస్త ఆగుతా. కనిపిస్తే చెప్పాలని ఒక మాట దాచుకున్నా. కొండ మీద కాదమ్మా, మా వీధి చివర. రేపు ఆదివారం. వస్తున్నా.

గోవిందా గోవింద!